రెండు డబ్బాల నడుమ మనిషి

పాట ఎక్కడి నుంచి వస్తున్నదో చూపించమంటే నస్పూర్‌లో ఎవరైనా స్పీకరు డబ్బా వైపే వేలు చూపిస్తారు. దెబోరా మాత్రం ఏ డబ్బానూ చూపించదు. రెండు డబ్బాల మధ్యనున్న ఉత్త గోడను చూపిస్తుంది.

"గక్కడ కూసున్నడు," అంటుంది, కళ్ళు తెరవకుండానే.

ఆమె భర్త సీమోను ఆ గోడను చూస్తాడు. సున్నం, ఒక మేకు, మేకుకు వేలాడే చర్చి క్యాలెండరు. అంతకన్నా ఏమీ లేదు. చేతిలోని స్క్రూడ్రైవరుతో సెట్టులోని మరను గోరంత తిప్పుతాడు.

"జర నీ దిక్కు జరిగిండు," అంటుంది ఆమె. అతను మళ్ళీ వెనక్కి తిప్పుతాడు. దెబోరా చాచిన వేలు గాలిలో మెల్లగా కదిలి మేకు దగ్గర ఆగుతుంది. అప్పుడు ఆ సెట్టు బాగైనట్టు లెక్క.

సీమోనుకు కుడి చెవి వినపడదు. ఆరేళ్ళ వయసులో గవదబిళ్ళలు వచ్చాయి. జ్వరం నాలుగు రోజులుండి, పోతూ పోతూ ఆ చెవిలోని చప్పుడంతా మూటగట్టుకొని పోయింది. ఇంట్లో ఎవరూ గమనించలేదు. పిల్లవాడు పిలిస్తే పలుకుతున్నాడు, పాటలు పాడుతున్నాడు, ఇంకేం కావాలి? పెద్దవాడై శ్రీరాంపూర్ రోడ్డు మీద రేడియో దుకాణం పెట్టినప్పుడు కూడా ఆ లోటు అడ్డం రాలేదు. రేడియోకు ఉండేది ఒక్క నోరు. దానికి ఒక్క చెవి చాలు.

రెండు డబ్బాల సెట్లు వచ్చాకే చిక్కొచ్చింది. రెండోది చప్పుడు పెంచడానికేమో అనుకున్నాడు మొదట. ఒకనాడు దుకాణానికి వచ్చిన గని కార్మికుడొకడు తాను బాగుచేయించుకున్న సెట్టు ముందు గొంతుక్కూర్చొని, "అరె, ముంగటనే కూసొని పాడుతున్నట్టున్నది గదనే!" అని గోడ వైపు చెయ్యి చాచాడు, ఎవరినో తాకబోతున్నట్టు. సీమోను ఆ చేతిని చూశాడు. ఆ చెయ్యి వెళ్ళిన చోట ఏముందో తనకు తెలియదని అప్పుడే తెలిసింది.

ఆ సంగతి దెబోరాకు ఒక్కదానికే చెప్పాడు. చెవి లేని మెకానిక్కు సెట్టు ఎవరిస్తారు? అప్పటి నుంచి స్టీరియో పని ఏదొచ్చినా దెబోరా వచ్చి స్టూలు మీద కూర్చొని వేలు చాచేది. చర్చిలో పాట ఎత్తుకొనేది ఆమే, అందుకని ఆమె చెవి మంచిదని ఊరంతా నమ్మింది. "సీమోనన్న సెట్టు బాగుచేస్తే వదిన ముద్ర కొట్టాలె," అని నవ్వేవాళ్ళు.

పని అయిపోయాక సీమోను ప్రశ్నలు మొదలయ్యేవి.

"ఎంత దూరంల ఉన్నడు?"

"మన అర్రంత దూరం."

"తబల?"

"ఆయినెకు జర అవుతల. ఎనుక ఎవలో దగ్గిండు."

"దగ్గు నాకు గూడ ఇనవడ్డది."

"ఇనవడ్డది గని యాడికెల్లి వచ్చిందో ఎర్కనా?"

"లే."

అంధుడికి రంగు గురించి చెప్పినట్టు కాకుండా, ఊరికెళ్ళి వచ్చిన మనిషి ఊరి సంగతులు చెప్పినట్టు చెప్పేది ఆమె. విన్నకొద్దీ అతనికి ఆశ పెరిగేది. పాట కాదు, పాట అతనికి ఉంది. పాట చుట్టూ ఉన్న జాగా కావాలి. ఆ దగ్గినవాడు కూర్చున్న మూల కావాలి. ఒక్కసారైనా అది తన చెవికి తగలాలి.

ఒకసారి సామాను కోసం హైదరాబాదు వెళ్ళినప్పుడు కోఠిలో పాత పుస్తకాల కుప్పలోంచి ఒక ఎలక్ట్రానిక్స్ పత్రిక కొన్నాడు. అందులో ఒక పేజీని చించి బైబిల్లో పెట్టుకున్నాడు. మరో రెండు డబ్బాలను తెచ్చి ఆంప్లిఫయరు వెనక వైర్లు బిగించే మొలల్లో ఎడమ, కుడి ఎర్ర మొలలకే కలపమనీ, నల్ల మొలల జోలికి పోవద్దనీ అందులో ఉంది. అట్లా చేస్తే ఎడమకూ కుడికీ సమానంగా ఉన్నదంతా రద్దయిపోయి, తేడాగా ఉన్నది మాత్రమే ఆ డబ్బాల్లో మిగులుతుందట. తేడా మాత్రమే అంటే ఏం మిగులుతుంది? పదకొండేళ్ళు ఆ పేజీని చదివాడు. మడతల దగ్గర అక్షరాలు రాలిపోయాయి. చేసి చూద్దామంటే తన దగ్గర నాలుగు డబ్బాలు పట్టే ఇల్లే లేదు.

తొంభై మూడు వానాకాలంలో మంచిర్యాల నుంచి మధుసూదన్‌రావు కబురు పంపాడు. పొలాలు కౌలుకిచ్చి మంచిర్యాలలోనే స్థిరపడిన మనిషి. ఆయన స్టీరియో సెట్టు అంటే ఆ చుట్టుపక్కల ఒక పేరు. నడుమెత్తు డబ్బాలు రెండు, రికార్డు ప్లేయరు, గజల్ రికార్డులతో నిండిన బీరువా. పదిహేనేళ్ళుగా దాని మీద సీమోను చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడలేదు.

ఇప్పుడు చిక్కు ఆయన భార్య మనోరమ తెచ్చింది. మేనల్లుడు దుబాయి నుంచి స్టీరియో వీసీఆర్ తెచ్చిచ్చాడు. హైదరాబాదులో ఒక టాకీసులో ఉరుము వెనక నుంచి వస్తే తాను ఉలిక్కిపడి తిరిగి చూసిందట. అట్లాంటిది ఇంట్లో కావాలి. టీవీ ఉన్నది లోపలి గదిలో, సెట్టు ఉన్నది ముందు హాల్లో. రెండూ ఒక్క దగ్గరికి రావాలి.

"రావుసాబ్ ఏమంటరమ్మా?" అన్నాడు సీమోను.

"రావుసాబ్ అనేదేముంది, ఆయనకు ముప్పై ఏండ్ల సంది అదే గద్దె. జర జరగమంటున్న," అంది మనోరమ.

మధుసూదన్‌రావు కుర్చీలోంచే చూపుడువేలు ఎత్తాడు. "సీమోనూ, ఆమె సినిమకు నాలుగు పెడ్తవో నలభై పెడ్తవో నీ ఇష్టం. నా పాట మటుకు రెండింట్లనే రావాలె. ఎనుక డబ్బాల్ల ఒక్క చుక్క గూడ పడొద్దు. సమజైందా?"

"మధ్యల ఒక మీట పెడ్త సాబ్. సినిమకు చాలూ, పాటకు బంద్."

ఆ వారమే దెబోరా చెల్లెలి కాన్పుకని లక్సెట్టిపేట వెళ్ళింది. ఆగితే సరిపోయేది. తిరిగొచ్చేదాకా ఆగమనే ఆమె చెప్పి పోయింది. కానీ బైబిల్లోని పేజీ ఆగనివ్వలేదు. నాలుగు డబ్బాలు, నాలుగు గోడలు, ఇంతకన్నా మంచి గది ఇంకెప్పుడు దొరుకుతుంది? పాత రేడియోల టేకు చెక్కతో రెండు చిన్న డబ్బాలు కొట్టి, సైకిలుకు కట్టుకొని మంచిర్యాల వెళ్ళాడు.

మొదట టీవీని పెద్ద డబ్బాల నడుమ పెట్టాడు. స్విచ్చి వేయగానే వార్తలు చదివే అమ్మాయి ఒక చెంప పచ్చగా, ఒక చెంప ఊదాగా వచ్చింది.

"అయ్యో, గామెకేమైంది?" అంది మనోరమ.

"డబ్బాలల్ల అయస్కాంతాలున్నయమ్మ. బొమ్మను గుంజుతున్నయి."

"సూసినవా! సినిమ వస్తదంటే నా సెట్టుకే కోపమొచ్చింది," అన్నాడు మధుసూదన్‌రావు సంబరంగా.

డబ్బాలను చెరో మూడు మూరలు దూరం జరిపితే అమ్మాయి ముఖం ముఖమైంది. కానీ ఎడమ డబ్బాకు వైరు చాల్లేదు. ఇంకో ముక్క అతికించాడు. రెండు పోగులూ తెల్లవే, ఒకదాని మీద మాత్రం సన్నటి గీత ఉంటుంది. మబ్బు వెలుతురులో ఆ గీత అతనికి కనపడలేదు. అతుకులో పోగులు తారుమారయ్యాయి; అట్లాగే టంకం పెట్టి, టేపు చుట్టాడు.

"ముందు నా పాట," అని మధుసూదన్‌రావు మెహఫిల్లో, జనం నడుమ పట్టిన గజల్ రికార్డు పెట్టాడు. ముల్లు దిగింది. హార్మోనియం, తబల, గొంతు. సీమోనుకు చప్పుడులో బరువు కొంచెం తగ్గినట్టు అనిపించింది. పాత చోటు నుంచి జరిపాం కదా, అందుకే అనుకున్నాడు.

మధుసూదన్‌రావు కుర్చీలో ముందుకు వంగాడు. అటు చూశాడు, ఇటు చూశాడు.

"సీమోనూ, గాయినె ఏడికి పోయిండు?"

"ఎవరు సాబ్?"

"పాడేటాయినె! రోజు నడుమల కూసునేటోడు. ఇయ్యాల గోడంత పాకుతుండు. నా నెత్తిలకెల్లి పాడుతున్నట్టున్నడు. నీకు తెలుస్తలేదా?"

సీమోను గోడను చూశాడు. గోడ ఎప్పట్లాగే ఉంది. ఏదో ఒకటి చెప్పవచ్చు, రికార్డు అరిగిందనవచ్చు. కానీ పదిహేనేళ్ళుగా తన చేతిని నమ్మిన మనిషి ముఖంలో ఆ కలత చూశాక అబద్ధం నోటికి రాలేదు.

"నాకు కుడి చెవి లేదు సాబ్."

మధుసూదన్‌రావు అతని కుడి చెవిని చూశాడు.

"ఉన్నది గని పని చెయ్యది. ఆరేండ్లప్పుడే పోయింది. రెండు డబ్బాల నడుమ ఏముంటదో నేనెప్పుడు ఇనలే."

"మరి గిన్నేండ్లు నా సెట్టు...?"

"చేతులు నాయి. చెవులు దెబోరాయి."

రికార్డు తిరుగుతూనే ఉంది. తలుపు దగ్గర నిల్చున్న మనోరమ ముందుగా నవ్వింది. "మీకు రెండున్నయి గదా, నా మాట ఎప్పుడన్న ఇన్నరా?"

మధుసూదన్‌రావు నవ్వలేదు, కోప్పడనూ లేదు. "గామె కండ్లు మూసుకొని వేలు సాపితే ప్రార్థన చేస్తుందనుకున్న," అన్నాడు. తర్వాత కుర్చీని రెండు డబ్బాలకూ సరిసమానంగా జరుపుకొని, కళ్ళు మూసుకొని వేలు చాచాడు. "ఊఁ. పని కానియ్యి. నేను చూపిస్త."

కొత్తగా మారింది ఎడమ వైరు అతుకొక్కటే. సీమోను దాన్ని విప్పి పోగులు తిరగేయగానే ఆ వేలు గాలిలో తడుముకోవడం మానేసి నిలిచింది. "వచ్చిండు," అన్నాడాయన. పొద్దంతా ఎదురుచూసిన చుట్టం గడపలో కనపడ్డట్టు నవ్వాడు.

ఇక వెనక డబ్బాలు. సోఫా వెనక గోడకు వాటిని తగిలించి, ఒక తీగను ఎడమ ఎర్ర మొలకూ, ఇంకొకదాన్ని కుడి ఎర్ర మొలకూ కలిపాడు. మధ్యలో మీట. మనోరమ క్యాసెట్టు పెట్టింది. తెర మీద వాన మొదలైంది. కథానాయిక మాటలు ముందు నుంచే వస్తున్నాయి, వాన మాత్రం సోఫా వెనక కురిసింది. మనోరమ తిరిగి చూసింది. కిటికీ బయట మబ్బు విడిచిన ఎండ. "గంతే, గదే!" అని చప్పట్లు కొట్టి, పక్కింటి వాళ్ళను పిలుచుకొస్తానని వెళ్ళింది.

ఆమె అటు వెళ్ళగానే మధుసూదన్‌రావు మళ్ళీ తన రికార్డు పెట్టుకున్నాడు. మీట బంద్ చేయడం సీమోను మరిచాడు. వైరు ముక్కలు ఏరడానికి సోఫా వెనక మోకాళ్ళ మీద వంగి ఉన్నాడు. ఎడమ చెవికి జానెడు దూరంలో వెనక డబ్బా ఉంది.

అందులో పాడే మనిషి లేడు.

సీమోను చెవిని దగ్గరగా పెట్టాడు. గొంతు ఉండాల్సిన చోట సన్నటి నీడ మాత్రమే ఉంది. తబల ఉంది. తబల అవతల ఎవరిదో గాజుల సవ్వడి. గ్లాసు కింద పెట్టిన చప్పుడు. ఒకతను దగ్గి, గొంతు సవరించుకొని, వాహ్వా అనబోయి ఆగాడు. ఎక్కడో దూరపు గోడకు తగిలి పాట తాలూకు తోక మెల్లగా తిరిగొచ్చి ఆరిపోయింది. ఒక గది. మనుషులతో, ఊపిరితో, పైకప్పుతో నిండిన ఒక పెద్ద గది ఆ చిన్న టేకు డబ్బాలో, ఒక్క చెవికి సరిపోయేట్టు మడిచిపెట్టి ఉంది. నడుమ కూర్చున్నవాడు నడుమనే కూర్చున్నాడు కాబట్టి మాయమయ్యాడు. అతని చుట్టూ ఉన్నదంతా మిగిలింది. ఇన్నేళ్ళు దెబోరా చెప్పిన ఊరు ఇదే.

"సీమోనూ! మీట బంద్ చెయ్యలేదా? ఎనుకకెల్లి ఏదో వస్తుంది!" మధుసూదన్‌రావు లేచి వచ్చాడు. మీట మీద చెయ్యి వేశాడు.

సోఫా వెనక సీమోను కళ్ళు మూసుకొని ఉన్నాడు. వేలు ఎత్తి ఉంది. "దగ్గినాయిన అంచుల కూసున్నడు సాబ్," అన్నాడు గుసగుసగా. "నడుమ కాదు. నడుమ ఉంటే పోతుండె."

మధుసూదన్‌రావు చెయ్యి మీట మీదే ఆగింది. కాసేపటికి దాన్ని వెనక్కి తీసుకొని, వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. పక్కింటి వాళ్ళతో వచ్చిన మనోరమ, "సీమోను సోఫా ఎనుక ఏం చేస్తుండు?" అంటే, ఆయన నోటి మీద వేలు పెట్టి "ష్" అన్నాడు. రికార్డు ఆ వైపు అయిపోయేదాకా మీటను అట్లాగే ఉండనిచ్చాడు.

దెబోరా తిరిగొచ్చేసరికి ఇంట్లో రెండు డబ్బాల సెట్టుకు ఇంకో డబ్బా రెండు ఎర్ర మొలల మధ్య కలిసి ఉంది. ఆ ఆదివారం ఒక వెదురు కర్రకు మూరెడు దూరంలో రెండు మైకులు కట్టి, టూ-ఇన్-వన్ టేపు రికార్డరుతో చర్చిలో గుంపు పాడిన పాటను సీమోను పట్టుకొచ్చాడు. ఇంటికి రాగానే ఆమెను ఆ డబ్బా ముందు కూర్చోబెట్టాడు.

దెబోరా విన్నది. ముఖం విచ్చుకుంది, తర్వాత ముడుచుకుంది.

"పక్కల నిలవడ్డ మార్తమ్మత్త వస్తుంది. మెర్సి వస్తుంది. బయట కుక్క మొరిగింది గూడ వస్తుంది. నేనేది?"

"నువ్వు నడుమ నిలవడ్డవు గదా."

"అంటే? పాట ఎత్తుకున్నదాన్ని నేను! కుక్క ఉండె, నేను లేకపోతినా?"

సీమోను నవ్వలేకపోయాడు. తాను విన్న ఆ జాగాలో అందరూ ఉన్నారు, ఆ జాగా గురించి ఇన్నేళ్ళు చెప్పిన మనిషే లేదు. "ముంగటి డబ్బాలల్ల ఉన్నవు," అన్నాడు.

"ముంగటియి ఊరోల్ల కోసం. ఇది నీది గదా," అంది ఆమె, లేచి పొయ్యి దగ్గరికి పోతూ.

తర్వాతి ఆదివారం పాటల గుంపు వరుసగా నిల్చుంది. ఇరవై ఏళ్ళుగా నడుమ నిలబడే దెబోరా ఎవరికీ ఏమీ చెప్పకుండా మార్తమ్మను నడుమకు నెట్టి, తాను పక్కకు జరిగి, ఇంకా జరిగి, కిటికీ పక్కన వరుస చివర నిలబడింది. పాస్టరుగారు మార్తమ్మను చూశారు, కిటికీ వైపు చూశారు. దెబోరా చూపు వెనక బల్ల మీద, ఒళ్ళో టూ-ఇన్-వన్ పెట్టుకొని కూర్చున్న మనిషి వేలి మీద ఉంది.

అతను మీట నొక్కాడు. ఆమె పాట ఎత్తుకుంది.