అలియాబాద్ సులోచనక్క కుడిచేయి

మంగళవారం పొద్దున కుట్టుకొట్టు షట్టరు ఎత్తుతుండగా ఫోన్ వచ్చింది. సులోచనక్క పోయింది. ఏడాదిగా తెలిసిన జబ్బే, ఏదో ఒకనాడు వినాల్సిన కబురే. అయినా షట్టరు సగంలో వదిలేసి మెట్టు మీద కూర్చున్నాను.

అలియాబాద్‌లో, ఇటు శామీర్‌పేటలో ఆమె కత్తిరించిన రవిక లేని ఇల్లు అరుదు. నేను ఆమె దగ్గర హుక్కులు, కాజాలు కుట్టేదాన్ని. నాకు యాభై దాటాక అక్షరాలు దిద్దించింది కూడా ఆమే. బట్టలిచ్చిన గిరాకీల పేర్లు బట్ట వెనక సుద్దతో రాసి, "పేరు చదివినంకనే సూదిల దారం ఎక్కియ్యి" అనేది. ఓపిక తక్కువ మనిషి. తప్పు చదివితే కసిరేది. ఒప్పు చదివితే మాత్రం ఛాయ్ తెప్పించేది.

నిరుడు ఆమె కుడిచేతి పట్టు సడలింది. గీత మీద పోవాల్సిన కత్తెర పక్కకు పోయింది. మెదడులో గడ్డ అని తేలింది. ఆపరేషన్‌లో తీయగలిగినంత తీశారు. మిగిలినదానికి రేడియేషన్, మా ఊళ్లో కరెంటు అంటారు, దాంతోపాటు కీమో గోలీలు కలిపి ఇవ్వాలన్నారు. "పూర్తిగా నయమవుతుందని మాటివ్వలేను. చేతి పట్టు కొన్నాళ్లు నిలబడొచ్చు" అన్నాడు డాక్టరు. అక్కకు ఆ చేయే కావాలి. బతుకమ్మ గిరాకీ ముందుంది.

ఆమె ఆడబిడ్డ లక్ష్మమ్మ అడ్డుపడింది. "గోలీలది ఒక వేడి, కరెంటుది ఇంకో వేడి. రెండూ ఒక్కపారి పెడితే పాణం ఆగుతదా? ముందుగాల ఒకటి కానీయిండ్రి."

అక్క నవ్వింది. "వదినా, కరెంటు ఆ గడ్డను చింపుతది. అది సప్పుడు లేకుండ మళ్ల కుట్టుకుంటదంట. గోలీ పోయి దాని సూది గుంజుకుంటది. చింపెటోడు ఇయ్యాల, సూది గుంజెటోడు వచ్చే నెల వస్తే ఏం ఫాయిదా?"

మర్నాటి నుంచి అక్కా నేనూ ఆసుపత్రికి బయల్దేరితే, లక్ష్మమ్మ మజ్జిగ సీసా పట్టుకొని తనే మా వెంట బస్సెక్కేది.

అక్క పరగడుపున గోలీ మింగి రేడియేషన్‌కు వెళ్లేది. వాంతులతో జొన్న సంకటి లాంటి గటక కూడా సహించేది కాదు. తల ఒకవైపు జుట్టు రాలిపోతే అద్దంలో చూసుకొని, "ఏ టైలర్ కత్తిరించిండో గానీ, రెండు దిక్కులు సమానం లేవే" అంది. మేము ఏడవాలో నవ్వాలో తెలియక నవ్వాం.

చికిత్స ముగిసిన కొన్ని వారాలకు చేతికి పట్టు వచ్చింది. ఆ ఏటి బతుకమ్మ రవికలన్నీ ఆమే కత్తిరించింది. చలికాలం దాటాక గడ్డ మళ్లీ పెరిగింది.

కత్తెర చేతి నుంచి చేతికి ఇస్తే తగవులొస్తాయని మా దగ్గర బల్ల మీద పెడతారు, అవతలివాళ్లు తీసుకుంటారు. ఒక మధ్యాహ్నం అక్క దాన్ని రెండు చేతులతో లేపి, తిన్నగా నా చేతిలోనే పెట్టింది.

"అక్కా, బల్ల మీద పెట్టు, కొట్లాటైతది."

"కానీయ్. ఎవరు గెలుస్తరో సూద్దాం" అంది.

ఆ చేతికి నా దండం. నిన్న ఆ కత్తెరతోనే ఒక రవిక మెడ మరీ లోతుగా కత్తిరించాను. వీధి చివరిదాకా వినబడేలా తిట్టే మనిషి కోసం కాసేపు ఆగాను. తర్వాత ఆ బట్ట మడిచి పక్కన పెట్టాను.