అమావాస్యకు ముందు విప్పిన బోల్టులు

2012 జూన్‌లో నన్ను లోయర్ ట్యాంక్ బండ్ దగ్గర లోహపు అచ్చులు తయారుచేసే ఒక టూల్‌రూమ్‌కు సీనియర్ ఇన్‌స్పెక్టర్‌గా వేశారు. ఇల్లు అశోక్‌నగర్‌లో. నడిచే వెళ్లేవాణ్ణి.

అక్కడి మెషీన్ వెల్డింగ్‌తో లోహాన్ని పొరలుగా పోసి, ప్రతి పొరనూ కట్టర్‌తో చదును చేసేది. అడుగు ప్లేటును ఒక ఉక్కు దిమ్మకు, ఆ దిమ్మను మెషీన్ టేబుల్‌కు బోల్టులతో బిగించేవాళ్లం. పోసిన లోహం చల్లారుతూ ముడుచుకుని ప్లేటును లాగుతుంది. ఆ లాగుడు లోపలే ఉండిపోతుంది. అందుకే పొరలు పూర్తయ్యాక, దిమ్మకు బిగించిన ప్లేటును అలాగే భట్టీలో కాచి, నిదానంగా చల్లార్చి, ఆ తర్వాతే విప్పి తుది కొలతకు కోయాలి. దీనికి రెండు రోజులు పడుతుంది.

మా మేనేజర్ గారికి అంత తీరిక లేదు. ఆ నెల్లో ఒక అచ్చుకు పొరలు పూర్తయ్యాయి. మర్నాడు అమావాస్య. అచ్చు ఆ రోజే గేటు దాటాలని పట్టుబట్టారు. భట్టీ మానేసి, మెషీన్ మీదే తుది కొలతకు కోయించారు. ఇంజనీరింగ్ పట్టా గోడకు వేలాడుతూనే ఉంది, పంచాంగం మాత్రం చేతిలో ఉంది.

వెల్డర్ యాదగిరి కాంట్రాక్టు మనిషి. "సార్, బోల్టులు ఇప్పితే లేస్తది. జర భట్టీల పెట్టనీయండి" అన్నాడు.

"అంగుళం మందం ప్లేటు లేస్తుందా? పూరీ అనుకున్నావా?" అన్నారు మేనేజర్ గారు.

బోల్టులు బిగించి ఉండగానే, చదును ఎంత ఉందో సూదితో చూపే డయల్ గేజ్ నాతో పెట్టించారు. సూది కదల్లేదు. ఎలా కదులుతుంది! కదలకుండా కట్టేసి కదల్లేదని మురిసిపోయారు. నేను తనిఖీ కాగితం మీద సంతకం పెట్టాను. చిక్కడపల్లి నుంచి మిఠాయి డబ్బా కూడా వచ్చింది.

నాలుగో బోల్టు వదులు చేయగానే టక్కుమంది. ప్లేటు మూలలు నాలుగూ లేచాయి. కింద నుంచి, సందు కొలిచే ఫీలర్ గేజ్ రేకులు సునాయాసంగా దూరిపోయాయి. మళ్లీ చదును చేద్దామంటే కోయడానికి మందం మిగల్లేదు. అచ్చు తుక్కయింది.

సాయంత్రానికి యాదగిరి పేర మెమో తయారైంది: వెల్డింగ్‌లో నిర్లక్ష్యం. ఆ నెలాఖరుకే అతని కాంట్రాక్టు రెన్యువల్. మెమో నిలిస్తే ఉద్యోగం పోయినట్టే. నా సంతకం చూసుకుంటే నాకే అసహ్యం వేసింది. భట్టీ మాన్పించింది ఎవరో, బిగించి కొలిచింది ఎవరో, తెలిసీ సంతకం పెట్టింది ఎవరో రాసి హెడ్డాఫీసుకు పంపాను.

యాదగిరి ఉద్యోగం నిలిచింది. నన్ను స్టోర్స్‌కు మార్చారు. రిటైరయ్యే దాకా నట్లు, వాషర్లు లెక్కపెట్టాను.

బోల్టులు విప్పాకే కొలవాలి, కొలిచాకే సంతకం పెట్టాలి. ఇందులో నేను కొత్తగా నేర్చుకున్నదేమీ లేదు. సంతకం పెట్టేటప్పుడూ ఇది నాకు తెలుసు.