ఫ్లోరైట్‌కు పాలిష్

మా బామ్మర్దికి కరీంనగర్ బయట గ్రానైట్ పాలిష్ కార్ఖానా ఉంది. వాడి కళ్లకు లోకంలో రెండే రకాల వస్తువులు: మెరిసేవి, ఇంకా మెరిపించాల్సినవి. అలాంటి మనిషి ముందు నేను నోరు జారాను. నా టెలిస్కోపు చూపించి, "దీని ముందు లెన్సు గాజు కాదురా, ఫ్లోరైట్. రాయి!" అని గొప్పలు పోయాను.

ఆ గొప్ప ఊరికే రాలేదు. అంతకుముందు నా దగ్గరున్నది మామూలు గాజు లెన్సు. రంగులన్నిటినీ ఒకచోటికి చేర్చడం దానికి చేతకాదు. చందమామ అంచున ఎప్పుడూ ఊదారంగు మరక, కడగని గిన్నెకు అంటిన జిడ్డులా. చూస్తేనే రోత పుట్టేది. దాన్ని వదిలించుకుని, ఏళ్లు వెతికి ఈ ఫ్లోరైట్‌ది సంపాదించాను. అందులో మొదటిసారి చందమామ అంచు తెల్లగా, తేటగా కనిపించింది. ఇక ఇంట్లో ఎవరినీ దాని దరిదాపులకు రానివ్వలేదు.

ఈ వానాకాలం లెన్సు మీద బూజు చుక్కలు పడ్డాయి. ఫ్లోరైట్ మెత్తనిది, గీత పడితే పోయినట్టే. అందుకని తుడవకుండా, బూజు తీయడం తెలిసినవాళ్ల కోసం వాకబు చేస్తూ ఉద్యోగానికి జైనూర్ వెళ్లిపోయాను. శనివారం ఇంటికి వచ్చేసరికి బామ్మర్ది నవ్వుతూ ఎదురొచ్చాడు.

"బావా, నువ్వు పరేషాన్ అయితున్నవని అక్క చెప్పింది. లెన్సు ఇప్పుకపోయి మిషిన్ మీద పాలిష్ కొట్టిచ్చిన. జర చూడు, ఎట్ల మెరుస్తుందో!"

మెరుస్తోంది, నిజమే. వంటింటి బండ కూడా మెరుస్తుంది. లెన్సు వంపు అరిగిపోయింది, పైపూత లేచిపోయింది.

"నిన్నెవడు ముట్టమన్నడురా?"

"రాయని నువ్వే అంటివి గద బావా!"

వాడి మొహం చూడబుద్ధి కాలేదు. పొద్దుగూకాక లెన్సు బిగించి చూశాను. చందమామ ఉండాల్సిన చోట చెదిరిన తెల్లటి ముద్ద. ఛీ అని పక్కకు జరిగాను. ఆ సందులో నా భార్య వంగి కన్ను ఆనించింది.

"అవ్వో, గింత పెద్దగనా! గిన్నేండ్ల సంది గిదంత నువ్వొక్కనివే చూసుకున్నవా?"

తమ్ముణ్ణి కూడా పిలిచి చూపించింది. ఇద్దరూ మురిసిపోయారు. అది చందమామ కాదని అరవబోయాను. అసలుది ఎలా ఉంటుందో ఆమెకు చూపించడానికి నా దగ్గర ఇక ఏమీ లేదు.