బల్ల ఇచ్చిన ఉప్పు

నేను ఐదో తరగతితో చదువు ఆపేసినదాన్ని. అక్షరాలు తప్పితే ఏమనుకోకండి.

మా అమ్మాయి అత్తగారు పోలండ్ ఆవిడ. మిషిగన్‌లో, వాళ్ళ దేశపు వెయ్యేళ్ళ నాటి పల్లెలా ఆరుబయట చెక్క ఇళ్ళు కట్టిన మ్యూజియంలో పనిచేస్తుంది. నన్ను మొదటిసారి అక్కడికే పిలిచింది. గుమ్మంలో ఎదురొచ్చి రొట్టె, ఉప్పు గిన్నె నా చేతికివ్వబోయింది. నేను వెనక్కి తగ్గాను. ఆవిడ మొహం చిన్నబోయింది.

“అమ్మా, అది వాళ్ళ మర్యాద, తీసుకో!” అంది మా అమ్మాయి.

“ఉప్పు చేతికిస్తే గొడవలొస్తాయే. వదినగారితో నాకు గొడవైతే నీ కాపురం ఏంగాను?”

అమ్మాయి ఇంగ్లీషులో చెప్పింది. ఆవిడ గిన్నెను బల్ల మీద పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని ఏదో అంది.

“ఇచ్చింది బల్లంట, తను కాదంట!” అంది అమ్మాయి.

ఇప్పటికీ మా ఇంటికి భోజనానికొచ్చినప్పుడు నేను ఉప్పు అడిగితే వదినగారు అలాగే బల్ల మీద పెట్టి, అలాగే నిలబడుతుంది. ఇలాంటి మనిషి గురించి ఇంకా బాగా రాయాల్సింది. తప్పులు మన్నించండి.