గుండ్లకమ్మ మొగలో తీసిన కలుపు

ఆ నీళ్లలో గుల్ల కంటికి కనబడదు, కాలికి తగులుతుంది. సముద్రం వెనక్కి తగ్గిన వేళ నడుం లోతులో నిలబడి మడమను ఇసుకలో తిప్పాలి. గుండ్రంగా, గట్టిగా తగిలితే కాలివేళ్లతో పైకి లేపి, వంగి చేత్తో అందుకుని బుట్టలో వేసుకోవాలి. ఈ పని నాకు నేర్పింది ఒక అక్క. గుండ్లకమ్మ సముద్రంలో కలిసే మొగ దగ్గర ఆమె ఇల్లు. నాకు చదువు సంతకం వరకే. నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది.

మాది కొనకనమిట్ల పక్క పల్లె. మెట్ట చేను, వాన పడితేనే కంది. కంది కోతలయ్యాక మా వైపు జనం పనులకు తలో దిక్కు పోతారు. మార్కాపురం పలకల పనికి పోతే మా ఆయనకు ఆ దుమ్ముతో దగ్గు పట్టుకుంది. అందుకని ఏటా ఎండాకాలం మేమిద్దరం ఆదివారం ప్రార్థన కాగానే బస్సెక్కి తూర్పుకు పోయేవాళ్లం.

మాకు తెలిసిన గుండ్లకమ్మ అంటే ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుక, రాళ్లు. అక్కడ చూస్తే ఆ ఒడ్డు మనిషి ఈ ఒడ్డుకు కనబడడు. మొదటిసారి మా ఆయన దోసెడు నీళ్లు నోట్లో పోసుకుని ఉమ్మేశాడు.

"ఇదేంది, మన యేరేనా ఇది? అత్తగారింటికి పోయినాక ఇట్ల ఉప్పగైపోయింది" అన్నాడు నా వైపు చూసి.

అక్క నీళ్లలోంచే నవ్వింది. ఆ రోజు నుంచి వాళ్లిద్దరూ వదినా మరుదులైపోయారు. గుల్ల కూర ఆయన ఆ ఏడు ముట్టలేదు. పై ఏడు మామిడికాయ వేసి వండితే పులుసు మాత్రం తాగాడు. ఆ పై ఏడు గిన్నె నాకు మిగల్చలేదు.

అక్కకు వాళ్లమ్మ నుంచి వచ్చిన మడుగు ఒకటి ఉంది, మొగలోనే గుల్ల దొరికే చోటు. కాగితం, పట్టా ఏమీ లేవు. ఆ వాడకట్టులో అందరూ అది ఆమెదని ఒప్పుకుంటారు, అంతే. అందులో గుల్ల తీసి, ఉడకబెట్టి, లోపలి మాంసం ఊళ్లో అమ్ముకుని, చిప్పలు సున్నం బట్టీకి వేసేది. మా ఇద్దరికీ అందులోనే పని. చిన్న గుల్ల తగిలితే అక్కడే వదిలేయాలి. పొరపాటున బుట్టలో వేస్తే చేతిమీద కొట్టేది.

నాలుగో ఏడు వెళ్లేసరికి మొగలో నల్లచిప్ప దిగింది. వేలి కణుపంత ఉంటుంది, పలచటి చిప్ప. ఎక్కడో దేశం నుంచి పడవల అడుగున పట్టుకుని వచ్చిందని జాలర్లు చెప్పుకున్నారు. మన గుల్ల ఇసుకలో దిగి ఉంటుందా, ఇది ఇసుక పైనే ఉంటుంది. ఒంట్లోంచి దారాలు తీసి ఒకదాన్నొకటి కట్టేసుకుంటుంది, గోనెపట్టా పరిచినట్టు. ఆ పట్టా కింద గుల్లకు పైకి నోరు పెట్టే సందు ఉండదు. పట్టా లేపి చూస్తే కింద గుల్లలన్నీ నోళ్లు తెరుచుకుని చచ్చి ఉన్నాయి. రాళ్లకు ఉండే ఆల్చిప్పల మీద కూడా ఇదే ఎక్కి కూర్చుంది. పీతలకు మాత్రం పండగ. పలచటి చిప్ప కదా, పటపట కొరుక్కు తిని బలిశాయి. పైన ఒడ్డు వెంబడి చాలా మేర గుల్ల పోయింది. అక్కవాళ్ల అమ్మ మడుగు ఒక్కటే, కాస్త కిందుగా ఉన్నది, ఇంకా శుభ్రంగా ఉంది.

అక్క ఆ రోజుల్లోనే కూతురి కాన్పుకని వెళ్లింది. మడుగు చూసుకోమని మాకు చెప్పింది.

నేను మెట్ట మనిషిని. పుట్టిన దగ్గర నుంచి గరికతో, తుంగతో పోట్లాడిన చేతులు నావి. ఆ నల్లదాన్ని చూస్తే నాకు చిప్పలాగా అనిపించలేదు, కలుపులాగానే కనిపించింది. అక్క వచ్చేలోపు పై ఒడ్డంతా బాగుచేసి ఆమెను సంతోషపెట్టాలనుకున్నాను. పొద్దున నీళ్లు తగ్గినప్పుడు కొడవలి మొనతో దారాలు తెంపి, ముద్దలు ముద్దలుగా ఊడబెరికాను. మా చేలో కలుపు తీస్తే గట్టు మీద వేళ్లు పైకి పెట్టి వరసగా పేరుస్తాం, ఎండకు చచ్చిపోవడానికి. అట్లాగే ఈ ముద్దల్ని దారాలు పైకి పెట్టి బురద గట్టున కుప్పలు వేశాను. మర్నాడు వెళ్లి చూస్తే కుప్పలు లేవు. కొంగలు తినిపోయాయి కాబోలని సంబరపడి ఇంకో నాలుగు వేశాను. అవీ పోయాయి. వారం రోజులు అట్లాగే చేశాను.

మా ఊళ్లో నీళ్లు ఒకసారి పోతే పోయినట్టే. రోజూ రెండుసార్లు వెనక్కి తిరిగొచ్చే నీళ్లు నా లెక్కలో లేవు. నేను గట్టనుకున్నది గట్టు కాదు. పోటు వచ్చినప్పుడు అది కూడా నీళ్ల కిందే ఉంటుంది.

అక్క తిరిగొచ్చి మడుగులో దిగింది. మడమ తిప్పిన చోట నిలబడిపోయింది. వంగి చేత్తో లేపితే గుప్పెడు నల్లచిప్ప వచ్చింది, దారాలు కోసినవి కోసినట్టే, మళ్లీ కొత్త దారాలు వేసుకుని. ఇంకోచోట చూసింది, అక్కడా అదే. ఒడ్డుకు వచ్చింది. గట్టు మీద నా చివరి కుప్ప సగం మిగిలి ఉంది.

మా ఆయన నాకంటే ముందు మాట్లాడాడు. "ఆ కుప్పలు నేను పెట్టినయ్యి వదినా. నాకు తెలియలా."

అక్క కుప్ప దగ్గర కూర్చుని ఒక ముద్దను తిరగేసి చూసింది. దారాలు పైకి ఉన్నాయి.

"మగాడివి, నువ్వెప్పుడు తీశావయ్యా కలుపు?" అంది. నా వైపు చూడలేదు.

నేను కుప్ప దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. "నేనే అక్కా" అన్నాను. "నీ మడుగు నేనే చెడగొట్టినా. పొమ్మంటే పోతాం."

ఆమె లేచి చీర చెంగు పిండుకుంది. "పోతే ఇదంతా ఎవరు తీస్తారు? తీసింది తీసినట్టు సరుగుడు తోటలోకి మోయండి. అక్కడికి పోటు రాదు."

మోశాం. ముగ్గురం, ఆ ఎండాకాలమంతా. తడి బుట్టలు నెత్తిన పెట్టుకుంటే ఉప్పునీళ్లు కళ్లలోకి కారేవి. ఒకవైపు శుభ్రం చేస్తే ఇంకోవైపు దారం వేసేది. ఆ ఏడు బట్టీకి చిప్పలే వేయలేదు.

పొలాల నుంచి మంచినీటి కాలువ కలిసే మూల మాత్రం నల్లచిప్ప రాలిపోయి ఉంది. అది అక్కే కనిపెట్టింది. ఏటి నీళ్లు పైనుంచి రోజుల తరబడి ఆగకుండా వస్తే ఇది చస్తుందని, తన గుల్ల మాత్రం ఇసుకలోకి దిగి నోరు మూసుకుని ఓర్చుకుంటుందని చెప్పింది. మేం బస్సెక్కేటప్పుడు నా చేతిలో సున్నం డబ్బా పెట్టి, "మీ ఊళ్లో వాన పడితే పంపించు పిల్లా" అంది.

అప్పటి నుంచి నల్లమల మీద మబ్బు పడితే చాలు, మా ఆయన మంచంలోంచే "మీ అక్కకు ఫోన్ చెయ్యి, పంపుతున్నామని చెప్పు" అనేవాడు. ఆ మబ్బులు ఎక్కువసార్లు ఉత్తుత్తివే. నాలుగు చినుకులు పడి యేరు ఇసుక తడిసేది, అంతే. ఆ దగ్గుతోనే ఆయన పోయాడు. మొగకు నేనొక్కదాన్నే వెళ్లలేకపోయాను. అక్క ఫోన్ చేసి ఏడ్చింది గానీ మడుగు ఎట్లా ఉందో చెప్పలేదు, నేనూ అడగలేదు.

పోయిన వర్షాలకు గుండ్లకమ్మ రెండు ఒడ్లూ ఒరుసుకుని పారింది. మా పల్లం మడిలో కంది నీళ్లు నిలిచి కుళ్లిపోయింది. కొడుకు నెత్తిన చేతులు పెట్టుకుని గట్టు మీద కూర్చున్నాడు. నేను ఎర్రనీళ్లు పోతుంటే చూస్తూ నిలబడ్డాను. కింద ప్రాజెక్టు గేట్లు ఎత్తారని బస్సులో ఎవరో చెప్పుకుంటుంటే విని, ఇంటికొచ్చి అక్కకు ఫోన్ చేశాను. ఏరు తగ్గాక దిగి చూస్తానంది.

ఇరవై రోజులకు ఆమే ఫోన్ చేసింది. నల్లది పట్టాలు పట్టాలుగా ఊడి ఒడ్డుకు కొట్టుకొచ్చి కంపు కొడుతోందని, ముక్కు మూసుకుని నడుస్తున్నామని చెప్పింది. అంతా పోలేదంట. రాళ్ల సందుల్లో ఇంకా ఉందంట.

"మడుగులో దిగినావా అక్కా?"

"దిగాను."

"కాలికి తగిలినాయా?"

"ఆరు తగిలాయి పిల్లా. చిన్నవి. వదిలేశాను."