ఇత్తడి తాళాలు పనికిరావు

నా చిన్నప్పుడు మారేడ్‌పల్లిలో మేమున్న కాంపౌండులో ఒక తాళంచెవి ఒక ఆడపిల్లకు ఫిట్స్ తగ్గించిందని, ఆ కాంపౌండు వాళ్లు ఇప్పటికీ ఏ పెళ్లిలో కలిసినా చెప్పుకుంటారు. చేతిలో ఇనుము పడగానే పిల్ల నిద్రలోంచి లేచినట్టు లేచి కూర్చుందట. చెప్పేవాళ్లలో సగం మంది ఆ పొద్దున అక్కడ లేరు. ఉన్నవాళ్లేమో తాళాల కోసం ఇళ్లలోకి పరిగెత్తారు కాబట్టి, అసలు జరిగింది వాళ్లూ చూడలేదు. చూసినవాళ్లం ఇద్దరమే, మా మేనత్త, నేను. మేనత్త ఇప్పుడు లేదు. కనుక ఈ విషయంలో నాతో వాదనకు వచ్చేవాళ్లు కాస్త ఆలోచించుకుని రావాలి.

మా మేనత్త ఆడపిల్లల బడిలో డ్రిల్లు టీచరు. తెల్లచీర, దానికింద కాన్వాసు బూట్లు, మెడలో విజిలు. ఆ బూట్లు చూసి వాడకట్టు ఆడవాళ్లు నవ్వేవాళ్లు, విజిలు వింటే మాత్రం నవ్వు ఆపేసేవాళ్లు. పక్కింటి అక్క అదే బడిలో తొమ్మిదో తరగతి చదివేది. పరుగులో ఆమెను పట్టుకునే పిల్ల బడి మొత్తం మీద లేదు. వచ్చే ఏడు పోటీలకు మా మేనత్త ఆమెను పట్టుదలగా తయారుచేస్తోంది.

అంతకుముందే అక్కకు ఒకసారి ఫిట్స్ వచ్చిందని, డాక్టరు రోజూ వేసుకోమని గోలీలు ఇచ్చాడని ఆ ఇంటి గోడ దాటి ఎవరికీ తెలియదు. తెలిస్తే సంబంధాలు రావని దాచిపెట్టారు. మా మేనత్తకు కూడా చెప్పలేదు. ఎండలు మొదలు కాగానే వాళ్ల నానమ్మ ఆ గోలీలు వేడి చేస్తాయని ఆపించేసింది. మన ఇళ్లలో వేడి చేయనిది ఏదైనా ఉంటే నాకు చూపించండి. మామిడిపండు వేడి, కోడిగుడ్డు వేడి, మొటిమ లేస్తే వేడి, ఆడపిల్ల ఎదురు మాట్లాడితే అదీ వేడే. డాక్టరు చెప్పకుండా ఆ గోలీలు ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ మళ్లీ వస్తుందన్న ముక్క ఒక్కటి తప్ప, వేడి గురించి ఆ ఇంట్లో అందరికీ అన్నీ తెలుసు.

ఒంటిపూట బడుల రోజులవి. అన్ని ఇళ్లకూ కలిపి ఒకటే నల్లా, నీళ్లు రోజు విడిచి రోజు వచ్చేవి. బకెట్ల వరుసలో అక్క నా ముందే నిలబడి ఉంది. ఉన్నట్టుండి ఆమె చేతిలోని బిందె జారింది, ఆ వెంటే ఆమె పడిపోయింది. కాళ్లూ చేతులూ కొట్టుకుంటున్నాయి, కళ్లు పైకి తేలిపోయాయి. క్షణంలో జనం మూగారు. ఒకావిడ ఉల్లిగడ్డ అంది, ఒకాయన చెప్పు వాసన చూపించమన్నాడు, ఇంకొకాయన చెంచా తెచ్చి పళ్ల మధ్య దూర్చబోయాడు. ముట్టుకుంటే అంటుకుంటుందని కొందరు పిల్లల్ని వెనక్కి లాగారు కానీ, చూడటం మాత్రం ఒక్కరూ మానలేదు. గౌను తడిసి మోకాళ్ల పైకి పోయిన పదిహేనేళ్ల పిల్ల చుట్టూ అంతమంది కళ్లు.

విజిలు మోగింది. బడికి బయల్దేరుతున్న మా మేనత్త జనాన్ని తోసుకుని వచ్చి, మొట్టమొదట ఆ చెంచా గుంజి అవతల పారేసింది.

"అందరు ఇనండ్రి. ఇనుపతాళాలు కావాలె. ఎవరింటికి వాళ్లు పోయి తెండ్రి. ఇత్తడివి పనికిరావు, మంచిగ చూసి తెండ్రి."

నిమిషంలో నల్లా దగ్గర మేమిద్దరమే మిగిలాం. నన్ను నల్లా కట్టేయమంది. తర్వాత ఆమె చేసింది చాలా కొంచెం, అదే నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. బకెట్లు దూరంగా జరిపింది. తువ్వాలు మడిచి అక్క తల కింద పెట్టింది. మెడ దగ్గర గుండీ విప్పి, మెల్లగా పక్కకు తిప్పి పడుకోబెట్టింది. తన కొంగు తీసి మోకాళ్ల మీద కప్పింది. కొట్టుకుంటున్న చేతులు అదిమిపట్టలేదు, నోట్లో ఏదీ పెట్టలేదు, నీళ్లు చల్లలేదు. చేతి గడియారం చూసుకుంటూ, ఏం కాదు బిడ్డా, నేనున్న, అని చెవి దగ్గర అంటూ కూర్చుంది. కాసేపటికి కుదుపులు వాటంతటవే తగ్గాయి. ఊపిరి నిదానించింది. కనురెప్పలు కదిలాయి.

అప్పుడు వచ్చాయి తాళాలు. అందరికంటే ముందు వచ్చింది అక్క వాళ్లమ్మ. ఆమె చేతిలో ఉన్నది వాళ్ల అత్తగారి పెట్టె తాళంచెవి, జానెడు పొడవుది. ఆ ముసలామె దాన్ని బొడ్లో దోపుకుని తిరిగేది, కోడలిని ముట్టుకోనిచ్చేది కాదు. వాళ్ల గుమ్మం పక్కన మేకుకు వీధితలుపు తాళంచెవి వేలాడుతూ ఉండేది, అదీ ఇనుమే. దాన్ని దాటి లోపలికి వెళ్లి, అత్తగారిని అడిగి మరీ ఇది తెచ్చింది. తెచ్చి కూతురి పిడికిట్లో పెట్టింది. ఎలాగూ తెరుచుకోబోతున్న కళ్లు తెరుచుకున్నాయి. మా అత్తమ్మ తాళంచెవితోనే లేచింది నా బిడ్డ, అని అందరికంటే ముందు గట్టిగా అన్నది కూడా ఆమే. అంతే, మహిమ పుట్టింది.

మహిమ పుట్టినంత మాత్రాన అక్క గట్టెక్కలేదు. మధ్యాహ్నానికల్లా వాళ్ల నానమ్మ తీర్పు చెప్పేసింది. పరుగుల వల్లే ఇది వచ్చింది, బడి బంద్. తాళంచెవి ఉంది కాబట్టి గోలీలూ అక్కర్లేదు. ఒక ఏడాది ఆగి పెళ్లి చేస్తే అదే పోతుంది. ఆ ఇంట్లో ఆమె మాటకు అక్క వాళ్ల నాన్న కూడా ఎదురు చెప్పేవాడు కాదు.

గోలీల సంగతి అక్క నోటనే విని, సాయంత్రం మా మేనత్త వాళ్లింటికి వెళ్లింది, నేను తోకలా వెంట వెళ్లాను. డాక్టరు మాటలు చెప్పి ముసలామెను దులిపేస్తుందనుకున్నాను. ఆమె పోయి ముసలామె కాళ్ల దగ్గర పీట వేసుకుని కూర్చుంది.

"మీ తాళంచెవి మంచి పని చేసిందమ్మా. కాని ఇనుము ఒక్కటే ఎన్నొద్దులు ఆపుతది? గోలీలు మీ పెట్టెలనే ఉంచుండ్రి. రోజు పొద్దుగాల మీరే తాళం తీసి, మీ చేతులతోనే ఇయ్యుండ్రి. ఒక్కపూట తప్పిందనుకో, తాళంచెవి బలం పోతది."

ముసలామె ముఖంలో వెలుగు నేను చూశాను. వేడి చేస్తే మాత్రం ఎట్లా అని అడిగింది. మజ్జిగ తాగించండి, గోలీ ఆపకండి, అంది మా మేనత్త. ఇక బడి సంగతి. పిల్ల ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు పడితే ఎవరు చూస్తారు, బడిలో అయితే నా కళ్ల ముందుంటుంది కదా, అని నిమ్మళంగా అడిగింది. అక్క వాళ్లమ్మ తలుపు చాటున నిలబడి వింటోంది. మర్నాడు అక్కను మళ్లీ ఆ డాక్టరు దగ్గరికి పంపడానికి ముసలామే ఒప్పుకుంది.

బయటికి రాగానే నేను మొదలుపెట్టాను. వాదించడం నాకు పాలపళ్ల నాడే వచ్చిన విద్య. అబద్ధం ఆడావు, టీచరువై ఉండి ఆడావు, అన్నాను. ఆమెకు కోపం రాలేదు.

"కిందపడి కొట్టుకునే పిల్ల ముంగట నిలబడి పాఠం చెప్పాల్నానె? నిజం చెప్పొద్దనలే నేను. ముందుగాల ఎవరికి చెప్పాలె? ఒళ్లు దానిది. దానికి చెప్పాలె, పా."

అక్కను మిద్దె మీదికి పిలిచి, నా ముందే చెప్పింది. ఇది గాలీ కాదు, దయ్యమూ కాదు, ఎవరి శాపమూ కాదు, మెదడులో వచ్చే జబ్బు. ముట్టుకుంటే అంటదు. గోలీ మానకూడదు, నిద్ర చెడగొట్టుకోకూడదు, ఒంటరిగా చెరువులోకి దిగకూడదు, గోడలెక్కకూడదు. తరగతిలో నమ్మకమైన స్నేహితురాలు ఒకతెకు చెప్పి పెట్టుకోవాలి, పడితే పక్కకు తిప్పమని, నోట్లో ఏదీ పెట్టనివ్వద్దని, ఎంతకీ ఆగకపోతే ఆసుపత్రికి తీసుకుపొమ్మని. పరుగు సంగతి డాక్టరును అడుగుదాం, నానమ్మను కాదు, అంది. అక్క అంతా విని, పొద్దుటినుంచి లోపల నలుగుతున్నది అడిగింది, పెళ్లయితే తగ్గుతుందంటున్నారు, నిజమేనా అని.

"పెళ్లి మందుల దుకాణంల అమ్ముతరా బిడ్డా?" అంది మా మేనత్త. ఆ రోజు అక్క నవ్వింది అప్పుడే.

ఆ ఇంట్లో ఆ తర్వాత గోలీ ఒక్కపూట తప్పలేదు. ఏ డాక్టరూ పెట్టలేనంత కాపలా పెట్టింది ఆ ముసలామె. అక్క మళ్లీ పరిగెత్తింది, చదువుకుంది, ఉద్యోగం చేసింది. కొన్నేళ్లకు డాక్టరే చూసి చూసి గోలీలు మెల్లగా తగ్గించి ఆపేశాడు. చెప్పేవాళ్లు ఈ గోలీల సంగతి ఎగరగొట్టి తాళంచెవిని మాత్రం మిగుల్చుకున్నారు. నాకు మంట అక్కడే.

మొన్న మా అపార్ట్‌మెంటు పార్కింగులో ఇంటర్ చదివే పిల్లవాడికి ఫిట్స్ వచ్చింది. పెద్ద ఉద్యోగం చేసే ఒకాయన కారు రిమోటు తెచ్చి వాడి పిడికిట్లో కుక్కబోయాడు. అందులో ఇనుమెక్కడుందయ్యా అన్నాను. నేను చదివిన చదువంతా బయటికి తీసి అందరికీ వివరించాను. ఒక్కరూ కదలలేదు, ఇద్దరు ఫోన్లు తీసి వీడియో షురూ చేశారు. ఇక గొంతెత్తి, ఇనుపతాళాలు తెండి, ఇత్తడివి పనికిరావు, అని అరిచాను. పార్కింగు ఖాళీ అయింది. వాణ్ణి పక్కకు తిప్పి, నా చున్నీ తల కింద పెట్టాను. తేరుకున్న రెండు రోజులకు వాడి గదిలో కూర్చుని, వాడి ఒంటి సంగతి వాడికి చెప్పాను. ముందుగా వాడికే. మా మేనత్త దగ్గర నేను తెచ్చుకున్న ఆస్తి ఇదొక్కటే.

ఇదంతా చెబుదామని అల్వాల్‌లో అక్క వాళ్లింటికి వెళ్లాను. వాళ్లమ్మ ఇప్పుడు బాగా పెద్దదైపోయింది. నేను చెప్పినదంతా విని, లేచి లోపలికి వెళ్లి ఆ తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టింది. పెద్దమ్మా, దీనివల్ల కాదు, అని నేను నోరు తెరవబోయాను.

"నాకు తెల్వదానె? తాళంచెవిల ఏముంటది. పిల్లగానికి గోలీ తప్పొద్దని చెప్పు. ఇదేమో వాళ్లింట్ల పెద్దోళ్లకియ్యి."

ఎప్పటినుంచి తెలుసు అని అడిగాను. చాయ్ తాగుతవా, అంది. మళ్లీ అడిగాను. చక్కెర ఎంత, అంది.

తాళంచెవి నా బ్యాగులోనే ఉంది. ఇన్నేళ్లుగా ఆ తెలివంతా మా మేనత్తదేనని నేను అందరితో కొట్లాడుతూ వచ్చాను. ఇప్పుడు నాకు ఒకటే సందేహం. గుమ్మం పక్కన మేకుకు ఇంకో ఇనుపతాళంచెవి వేలాడుతుండగా, కూతురు అవతల నేల మీద కొట్టుకుంటుండగా, ఆ తల్లి లోపలికి వెళ్లి అత్తగారి బొడ్లోని తాళంచెవినే ఎందుకు అడిగి తెచ్చింది?