కుడితి తొట్టిలో గులాబీలు

ఈ రోజు మా అత్తను తీసుకొని పుంగనూరు నించి మదనపల్లెకు పోయినాను. మా తోడికోడలు ఇల్లంతా కొత్త ఫ్యాషన్‌లో సర్దిందంట, వచ్చి చూడమని ఒకటే ఫోన్లు.

చూసినాము. పాత సామాన్ల అంగట్లో కొన్న టీపాయికి తెల్ల రంగు కొట్టించి, ఆరినాక ఉప్పుకాగితంతో అక్కడక్కడా తనే గీకింది. రంగు ఊడినట్టు కనపడితేనే అందమంట! మా ఇంట్లో గోడ పెచ్చు ఊడితే మాత్రం "యాల అట్ల పెట్టుకోనుండారు" అని మొహం చిట్లించింది ఈ తల్లే.

హాలు మధ్యలో రాతి తొట్టి. దాంట్లో నీళ్ళు, గులాబీ రెక్కలు, తేలే దీపాలు. పక్కింటోళ్ళు ఆహా ఓహో అంటాండారు. మా అత్త వంగి చూసి, "ఇది ఎనుములకు కుడితి పోసే తొట్టి గదమ్మా!" అనేసింది. అందరూ నవ్వినారు, మా తోడికోడలు తప్ప.

తర్వాత అందరం కలిసి ఫోటోకు నిలబడినాము. "అత్తా, మీరు కొంచెం పక్కకు జరగండి. చీర బాగా వెలిసిపోయుండాది, ఫోటోలో బాగుండదు" అనింది తోడికోడలు.

మా అత్త కదల్లేదు. "ఆ ఉప్పుకాగితం మిగిలుంటే నన్నూ రెండు సోట్ల రుద్దమ్మా. అప్పుడన్నా నీ ఫోటోకు పనికొస్తానేమో" అనింది.

ఇదిగో ఆ ఫోటో. మా తోడికోడలు ఎక్కడా పెట్టలేదు, నేనే ఇక్కడ పెడతాండాను. మా అత్త చీర కట్టీ కట్టీ వెలిసింది, ఆ టీపాయి గీకితే వెలిసింది. ఏది అసలైన ఫ్యాషనో మీరే చెప్పండప్పా.